నీటితో నడిచే వల

పులస పులుసు ఎలా వండాలో గోదావరి జిల్లాల్లో పిల్లలకి కూడా తెలుసు. మట్టి దాక, పిడకల సెగ, లేత బెండకాయలు, దింపే ముందు ఆవకాయ మీది నూనె, తెల్లారేసరికి బాగా ఊరిన ముక్క. ఏటా ఆషాఢం వచ్చేసరికి పత్రికలన్నీ ఈ పాఠం అప్పజెబుతూనే ఉంటాయి. మా పెద్దాపురంలో మరిడమ్మ తల్లి జాతర సాగే రోజులూ, గోదావరికి ఎర్రనీరు తగిలే రోజులూ ఇంచుమించు ఒకటే. ఆ రోజుల్లో బజారులో ఎవరి సంచి కాస్త జాగ్రత్తగా కదులుతున్నట్టు కనిపించినా "ఎంతకి పడిందండి?" అని అడగడం ఊరి మర్యాద. ఎంతకి పడిందని అందరూ అడుగుతారు. ఎలా పడిందని మాత్రం ఎవరూ అడగరు. యానాం వేలంపాటలో ఒక్క చేప ఇరవై వేల రూపాయలు దాటిందంటే వార్త అవుతుంది. దాన్ని పట్టిన వల కన్ను ఎంతో, ఆ వలకి ఎన్ని బెండ్లు కట్టారో ఏ వార్తలోనూ ఉండదు.

నాకు వల మీద మోజు ఎందుకు పుట్టిందో చెప్పాలి. పెద్దాపురం గోదారొడ్డు ఊరు కాదు, ఏలేరు ఆయకట్టు ఊరు. కాని పట్టు నేసే ఊరు. మగ్గాల చప్పుడు మధ్య పెరిగినవాళ్ళకి ఏ అల్లిక కనిపించినా పోగులు లెక్కపెట్టే జబ్బు ఒకటి అంటుకుంటుంది. కోటిపల్లి రేవు నుంచి యానాం వైపు ఏటిగట్టు వెంట పోతుంటే, చెట్ల కింద వలలు పరుచుకుని కూర్చున్న మనుషుల దగ్గర నా కాళ్ళు వాటంతట అవే ఆగిపోవడానికి ఆ జబ్బే కారణం. నేతలో పోగుకి లెక్క ఉంటుంది. వలలో ఖాళీకి లెక్క ఉంటుంది. నేతగాడు గాలి దూరకుండా నేస్తే మెచ్చుకుంటాం. వలవాడి పనితనమంతా దేన్ని పోనివ్వాలో, దేన్ని ఆపాలో తేల్చడంలో ఉంది.

ముందు ఆ చేప సంగతి. ఇది సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీళ్ళలోకి ఎదురీదే జాతి. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గోదారి నీళ్ళు తాగాక పులస. గంగానది చేపల మీద 1822లో పుస్తకం అచ్చువేసిన ఫ్రాన్సిస్ హామిల్టన్ దీనికి శాస్త్రీయంగా పేరు పెట్టినప్పుడు బెంగాలీల ఇలిష్ మాటనే తీసుకున్నాడు. ప్రయాణం చూస్తే ఇది చల్లని దేశాల సాల్మన్‌కి తోడికోడలు. కాని తిండి దగ్గర దారులు వేరు. సాల్మన్ వేటగాడు, చిన్న చేపని తరిమి మింగుతుంది. పులస నీటిని వడగడుతుంది. మొప్పల లోపల దువ్వెన పళ్ళలాంటి సన్నని ముళ్ళతో కంటికి ఆనని నాచునీ, సూక్ష్మజీవుల్నీ ఏరుకుని బతుకుతుంది. అలాంటి చేపకి ఎర చూపించి గాలం వేస్తే ఏం లాభం? ఎక్కడో ఒకటి పడినా అది లెక్కలోది కాదు. అందుకే గోదావరి మీద పులస వేట అంటే వల వేటే.

ఈ తేడా బాగా తెలియాలంటే అవతలి పద్ధతి కూడా ఒకసారి చూడాలి. అమెరికాలోని మిషిగన్ సరస్సులోకి 1966లో పసిఫిక్ తీరపు కోహో సాల్మన్ పిల్లల్ని తెచ్చి వదిలారు. సముద్రం నుంచి కాలవల గుండా చేరి సరస్సు నిండా పెరిగిపోయిన ఏల్‌వైఫ్ అనే వెండి చేపల్ని వాటిచేత తినిపించడం వదిలినవాళ్ళ ఉద్దేశాల్లో ఒకటి. చిత్రం ఏమిటంటే ఆ ఏల్‌వైఫ్ మన పులసకి చుట్టమే. డెట్రాయిట్, షికాగో వైపు స్థిరపడ్డ మనవాళ్ళు వేసవి సెలవు రోజుల్లో బోటు అద్దెకి తీసుకుని చేసే సాల్మన్ వేట ఇదే. దాన్ని ట్రోలింగ్ అంటారు. కాకినాడ మరబోట్లు లాగే ట్రాల్ వలతో దీనికి సంబంధం లేదు. పడవ మెల్లగా, గంటకి మూడు నుంచి అయిదు కిలోమీటర్ల వేగంతో పోతూ ఉంటుంది. వెనక నాలుగైదు కిలోల సీసపు గుండు ఉక్కుతీగ మీద లోతుకి దిగి ఉంటుంది. దానికి చిన్న క్లిప్పుతో గాలపు దారం తగిలించి, చివర మెరిసే లోహపు రేకు కడతారు. ఆ రేకు గాయపడ్డ ఏల్‌వైఫ్‌లా తళుక్కుమంటూ వంకరలు తిరగాలి. వేగం కాస్త తగ్గితే రేకు చచ్చినట్టు వేలాడుతుంది, ఎక్కువైతే గిరగిరా తిరిగిపోతుంది. ఎండాకాలంలో సరస్సు పైన వెచ్చని పొర, కింద చల్లని పొర ఏర్పడతాయి. సాల్మన్‌కి పన్నెండు డిగ్రీల సెల్సియస్ ప్రాంతం హాయి కాబట్టి ఆ చలి ఎంత లోతులో ఉందో చూసుకుని గుండు దింపుతారు. చేప పట్టగానే క్లిప్పు ఊడిపోతుంది, ఇక మనిషికీ చేపకీ మధ్య దారం ఒక్కటే. ముచ్చటైన పని, కాదనను.

అక్కడ నీరు నిలిచి ఉంటుంది, పనిముట్టు కదలాలి. పనితనమంతా ఆ కదలికని కుదర్చడంలో ఉంది. గోదావరిలో నీరు పరుగు మీద ఉంటుంది, చేప దానికి ఎదురు వస్తుంది. మధ్యలో వల ఏం చెయ్యాలి? యానాం దిగువన ఒక పెద్దాయన వల సర్దుకుంటూ చెప్పిన మాట ఇది: "వల నీటిని పట్టకూడదండి, నీటితో నడవాలండి." గుంజలు పాతి కట్టిన వల వరదలో కాసేపైనా నిలవదు, చెత్తా చెదారం తగులుకుని తెగిపోతుంది. అందుకని వలని నదికి అడ్డంగా విడిచి, ఒక కొసని పడవకి కట్టుకుని, పడవనీ వలనీ కలిపి ప్రవాహానికి వదిలేస్తారు. గట్టు మీంచి చూసేవాడికి వల దిగువకి కొట్టుకుపోతున్నట్టు కనిపిస్తుంది. నీటి వైపు నుంచి చూస్తే అది నిలబడి ఉన్న గోడ. ఎదురీదే పులస తనంతట తాను వచ్చి ఆ గోడకి తల పెడుతుంది. ఇందులో ఇంకో సొగసు ఉంది. నీటివాలుకి దిగే చేపకీ నీటివాలుకి దిగే వలకీ మధ్య దూరం పెద్దగా తగ్గదు. ఎదురొచ్చే చేపనే ఈ వల ఏరుకుంటుంది.

ఆ గోడ కట్టడంలో మొదటి లెక్క కన్ను. పులస పక్కల నుంచి నొక్కినట్టు పలచగా, నిలువున లోతుగా ఉంటుంది. కడుపు కింద రంపపు పళ్ళలాంటి పొలుసుల అంచు. తల దగ్గర చుట్టుకొలత తక్కువ, వెన్ను రెక్క ముందు చాలా ఎక్కువ. కన్ను తల దూరేంత పెద్దదిగా ఉండాలి, ఒళ్ళు దూరలేనంత చిన్నదిగా ఉండాలి. చేప ముందుకి పోలేదు. వెనక్కి తగ్గబోతే మొప్ప రేకు దారానికి తగులుకుంటుంది. ఈ రెండు కొలతల మధ్యే వలవాడి జీవనం. చేప ఎంత పొడుగైతే కన్ను అంత, రెండూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రష్యా శాస్త్రవేత్త బరనోవ్ సూత్రం కట్టాడు. ఏటిగట్టు మీద దాన్ని వేళ్ళతో కొలుస్తారు. కన్నుని సాగదీసి వేళ్ళు దూర్చి చూస్తే చాలు, ఏ సైజు చేప కోసం వల కట్టారో చెప్పేస్తారు. పెద్ద పులసలు సాధారణంగా ఆడవే కాబట్టి, గుడ్డు పులస కావాలనుకున్నవాడు చిన్న చేపని వదులుకోవడానికి సిద్ధపడి కన్ను పెంచాలి. వల కన్నులోనే యజమాని ఆశ ఎంతో తెలిసిపోతుంది.

రెండో లెక్క చూసేవాళ్ళకి అసలు కనబడదు. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది ఇదే. కొట్లో కొన్న వలగుడ్డ ఇంకా వల కాదు. దాన్ని పై తాడుకీ అడుగు తాడుకీ కట్టాలి. వంద మీటర్ల గుడ్డని వంద మీటర్ల తాడుకి కడితే కన్నులన్నీ అడ్డంగా సాగి మూసుకుపోతాయి. అదే గుడ్డని యాభై మీటర్ల తాడులో కుదించి కట్టారనుకోండి, ప్రతి కన్నూ నిలువుగా తెరుచుకుంటుంది. సాగదీస్తే పది సెంటీమీటర్లుండే కన్ను అప్పుడు అయిదు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిదిన్నర పైచిలుకు ఎత్తు ఉన్న డైమండ్ అవుతుంది. డెబ్బై మీటర్ల తాడుకి కడితే ఇంచుమించు చదరం. పక్కలు పలచగా, నిలువు లోతుగా ఉన్న పులసకి నిలువు డైమండే సరిపోతుంది. గుండ్రటి ఒళ్ళున్న చేపకి ఆ లెక్క వేరు. పైగా కుదించి కట్టిన వలలో వదులు ఉంటుంది. చేప తగలగానే బిగిసి ఎదురు తిరగకుండా మెత్తగా లొంగి చుట్టుకుంటుంది. ఎన్ని కన్నులకి ఒక కట్టు వెయ్యాలో, రెండు కట్ల మధ్య తాడు ఎంత వదలాలో కొలబద్ద చూసి కట్టేవాణ్ణి నేను చూడలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దూరమే కొలత. తాడు కాలివేళ్ళ మధ్య బిగించి, కన్నులు లెక్కపెట్టి కూడదీసి, దారం రెండు చుట్లు తిప్పి ముడి బిగిస్తారు. ఒక చోట లెక్క తప్పితే అక్కడ వల ముడుచుకుని, పక్కన బిగిసి, నీళ్ళలో ఆ భాగం గాలికి తెరచాపలా పొంగుతుంది. వల నీటిని పట్టడమంటే అదే.

ఇక బెండ్లు, గుండ్లు. పై తాడుకి తేలేవి, అడుగు తాడుకి మునిగేవి. చెప్పడానికి తేలిక. కాని గోదావరి పైన ఒక వేగంతో, అడుగున మరో వేగంతో పారుతుంది. నేల ఒరుసుకునే నీరు ఎప్పుడూ వెనకబడుతుంది. పైన తేలుడు ఎక్కువైతే వల పైభాగం ముందుకి ఉరికి, అడుగు వెనక ఈడుస్తుంది. గుండ్లు బరువైతే అడుగు ఇసుకలో పాతుకుంటుంది, ఏ మొద్దుకో తగులుకుని చిరుగుతుంది. ఈ రెంటికీ మధ్య వల నిలువుగా నిలబడాలి. పూర్వం తేలికపాటి కర్రముక్కలు, ఎండిన సొరకాయ బుర్రలు, కాల్చిన మట్టి గుండ్లు ఉండేవి. ఇప్పుడు ప్లాస్టిక్ బెండ్లు, సీసం గుండ్లు. ఈ ఏర్పాటుకి వయసెంతో తెలిస్తే నవ్వొస్తుంది. అప్పటి ఫిన్లండ్‌లోని ఆంత్రేయా అనే చోట 1913లో ఒక రైతు బురద నేల తవ్వుతుంటే విల్లో చెట్టు నారతో అల్లిన వల బయటపడింది. దాదాపు పదివేల ఏళ్ళ నాటిది. దానికీ పైన చెట్టు బెరడు బెండ్లు, కింద రాతి గుండ్లు ఉన్నాయి.

దారం మారినప్పుడు మాత్రం లెక్కలన్నీ తిరగబడ్డాయి. నూలు వల రోజుల్లో దారం నీళ్ళు తాగి బరువెక్కేది, కుళ్ళేది. తుమ్మచెక్క కషాయంలో ముంచి ఎండబెడితే కొంత కాలం నిలిచేది. వేట నుంచి రాగానే వల ఆరెయ్యడం రోజూ చెయ్యవలసిన చాకిరీ. కొచ్చిలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ 1957లో మొదలైన దరిదాపుల్లోనే మన తీరానికి నైలాన్ రావడం మొదలైంది. నైలాన్ నూలు కన్నా తేలిక కాబట్టి పాత గుండ్లూ బెండ్లూ పనికిరాలేదు. నున్నగా ఉండటం వల్ల పాత ఒంటి ముడి జారిపోయేది, రెండో చుట్టు వెయ్యవలసి వచ్చింది. అన్నిటికన్నా తమాషా, నూలు వల ఎండ కోరేది, నైలాన్ వలకి ఎండే శత్రువు. నీళ్ళలో ఏళ్ళ తరబడి కుళ్ళని దారం ఎండలో పెళుసెక్కిపోతుంది. తాతలు ఎండలో ఆరేసిన వలని మనవలు నీడలో మడతపెడుతున్నారు. ఏటిలో తెగిపోయిన నైలాన్ వల మనిషి లేకుండానే చేపల్ని పడుతూ ఉంటుందన్నది దీని చీకటి పక్షం.

ఇప్పుడు వలగుడ్డ యంత్రమే అల్లుతుంది, కిలోల లెక్కన దొరుకుతుంది. వల సూది, వెదురు బద్ద పట్టుకుని మొదటి ముడి నుంచి అల్లేవాళ్ళు అరుదు. ఆ చేతివాటం మిగిలింది చిరుగులు కట్టడంలో. దగ్గర కూర్చుని చూస్తే ఇది తెలివైన పని. మొద్దు తగిలి వలలో పెద్ద బొక్క పడిందనుకోండి, బాగుచేసేవాడు మొదట కత్తి తీసి ఆ బొక్కని ఇంకా పెద్దది చేస్తాడు! తెలియనివాడు అయ్యో అంటాడు. తెగిన అంచు చిందరవందరగా ఉంటే ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ముగించాలో దారం దొరకదు. అంచంతా కత్తిరించి, మూడు దారాలు కలిసిన ఒక ముడి పైన, అలాంటిదే ఇంకొకటి కింద మిగిలేలా చూస్తాడు. పై ముడి దగ్గర మొదలైన దారం వరసలు వరసలుగా అటూ ఇటూ తిరిగి, బొక్క నింపి, కింది ముడి దగ్గర సరిగ్గా అయిపోవాలి. మధ్యలో ఒక్క కన్ను లెక్క తప్పినా చివర ఒక కాలు మిగులుతుంది, మళ్ళీ మొదటికి. ఎడమచేతి వేలి మీద దారం వంపు, దాని మీదుగా సూది ఒక చుట్టు, బొటనవేలు నొక్కి ఒక గుంజు. ముడి పడిన చప్పుడు కూడా ఉండదు. కబుర్లు చెబుతూనే, రోడ్డు మీద పోయేవాణ్ణి పలకరిస్తూనే చేస్తారు. చేతులు ఆగవు. కట్టిన చోటు దారం రంగుని బట్టి తప్ప పోల్చుకోలేం.

నీళ్ళలోకి దిగాక పని వేగం మారుతుంది. చిన్న పడవలో ఇద్దరు. వలని పడవలో మడిచే పద్ధతిలోనే సగం విద్య ఉంది. బెండ్లన్నీ ఒక పక్క, గుండ్లన్నీ మరో పక్క, నడుమ గుడ్డ పొరలు పొరలుగా. ఒకడు తెడ్డో ఇంజనో చూసుకుంటూ నదికి అడ్డంగా పోతుంటే, రెండోవాడు గుండ్ల వైపు ఒక చేత్తో, బెండ్ల వైపు మరో చేత్తో వదులుతూ ఉంటాడు. పొలుసంత చిక్కు పడినా వల మెలిదిరిగి తాడవుతుంది. కొసన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, రాత్రయితే చిన్న దీపం. నది నడుమ వడి ఎక్కువ, గట్ల దగ్గర తక్కువ కాబట్టి వల కాసేపటికి కొడవలిలా వంగుతుంది. ఆ వంపు మరీ పెరగకుండా పడవని కొద్దికొద్దిగా లాగుతూ ఉండాలి. మొగ దగ్గరైతే పోటు, పాటు కూడా చూసుకోవాలి. పోటు మీద నీరు వెనక్కి తంతుంది, వల నడక మందగిస్తుంది. ఇక ఎర్రనీరు చేసే ఉపకారం ఒకటుంది. తేట నీటిలో చేప కంటికి దారం కనబడుతుంది. వండ్రుమట్టి కలిసిన వరద నీటిలో పట్టపగలే వల మాయమైపోతుంది. ఎర్రనీరు పులసకి రుచి ఇస్తుందని అందరూ అంటారు. వలకి తెర వేసేదీ అదే.

తీసేటప్పుడు ఇంకో నేర్పు. పులస సుకుమారం, నీళ్ళు వదిలితే ఎంతోసేపు బతకదు, పొలుసు తేలిగ్గా రాలుతుంది. తోక పట్టుకుని వెనక్కి లాగితే మొప్ప చిరిగి రక్తం కారుతుంది, ధర సగానికి పడిపోతుంది. నేర్పరి చేపని అరచేతిలో ఆన్చి, గోటితో మొప్ప రేకు మీది దారాన్ని ఎత్తి, తల మీదుగా తప్పిస్తాడు. వెండి పొలుసు చెక్కుచెదరదు. మెడ చుట్టూ దారం నొక్కిన సన్నటి గీత మాత్రం మిగులుతుంది.

ఈ పనితనానికి ఇప్పుడు చేపే కరువైంది. ఆర్థర్ కాటన్ 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేసిన ధవళేశ్వరం ఆనకట్ట డెల్టాకి అన్నం పెట్టింది. పులస ప్రయాణాన్ని మాత్రం చాలావరకు అక్కడే ఆపేసింది. తర్వాత దాని చోటులో లేచిన బ్యారేజీకి 175 గేట్లు. సాల్మన్ నదుల మీద ఆనకట్టలకి చేపల మెట్లు కడతారు. కొలంబియా నది మీది బోన్‌విల్ ఆనకట్ట దగ్గర 1938 నుంచీ మెట్లెక్కే చేపల్ని మనుషులు కూర్చుని లెక్కపెడుతున్నారు. పులస సాల్మన్‌లా ఎగిరి దూకే చేప కాదు కాబట్టి ఆ నమూనా తెచ్చి ఇక్కడ పెడితే కుదరదు, దీని ఈతకి తగ్గ దారి వెయ్యాలి. గంగ మీద 1975లో ఫరక్కా బ్యారేజీ వచ్చాక ఎగువ ఊళ్ళకి ఇలిష్ కరువైన కథ కూడా ఇదే. ఇరవై అయిదు సెంటీమీటర్ల లోపు పిల్ల ఇలిష్‌ని పట్టకూడదని బంగ్లాదేశ్ కట్టుదిట్టం చేసింది, గుడ్లు పెట్టే కాలంలో ఇరవై రెండు రోజులు వేట ఆపుతుంది. మనకి సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంది. కాని మొగల్లో దోమతెరలాంటి సన్న కన్ను వలలు తిరుగుతున్నంతకాలం, నదిలో పుట్టి సముద్రానికి దిగే పిల్ల చేపకి రక్షణ లేదు. పెద్ద కన్ను వలవాడు వదిలిపెట్టే చేపని సన్న కన్ను వలవాడు ఎదగకముందే తీసేస్తున్నాడు.

ధవళేశ్వరంలో కాటన్ పేరిట ఉన్న మ్యూజియంలో ఆనకట్ట కట్టిన నాటి పనిముట్లు భద్రంగా దాచారు, మంచి పని. ఆ ఆవరణలోనే ఒక మూల పులస వలకి కూడా చోటివ్వాలి. తుమ్మచెక్క రంగు పట్టిన నూలు వల ఒక బార, మట్టి గుండ్లు, సొరకాయ బుర్ర, వెదురు వల సూది, దాని కొలబద్ద. పక్కనే, కన్నుకి ఎన్ని వేళ్ళో, తాడుకి ఎన్ని కన్నులో, ఏ రేవులో ఏ లెక్కో రాసిన పలక. నూలు వల అల్లిన చేతులు గోదారి గట్టు ఊళ్ళలో ఇంకా కొన్ని మిగిలి ఉంటాయి. మత్స్యశాఖవారో, రాజమండ్రి కాలేజీల పిల్లలో వచ్చే ఎర్రనీరు లోపలే వెళ్ళి వాళ్ళ దగ్గర కూర్చుని ఆ లెక్కలు రాసుకోవాలి.